పిడికి పూసిన నూనె

డ్రిల్లు మాస్టారు పోయారని మొన్న మంగళవారం పొద్దున హూడి నుంచి నా మనవరాలు ఫోను చేసింది. కె.ఆర్.పురంలో ఇంటి వాకిట్లో బూట్లకు పాలిష్ పట్టి, ఎండలో పెట్టి, పక్కనే కుర్చీలో కూర్చున్నారట. భార్య కాఫీ తెచ్చేసరికి ప్రాణం లేదు. ఆ సంగతి చెప్పి, కాసేపు ఏడ్చి, "అవ్వా, ఆ రోజు నా చెయ్యి జారకుంటే ఆయనకు ఆ అవమానం జరిగేదే కాదు" అంది.

ఈ మాట తప్పు. ముప్పయ్యేళ్ళు లెక్కల టీచరుగా ఊళ్ళోవాళ్ళ పిల్లల తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్దాను. మా ఇంట్లో ఈ ఒక్క తప్పును మాత్రం పన్నెండేళ్ళుగా దిద్దకుండా వదిలేశాను. దాని చెయ్యి జారలేదు. ఎలాగో మీకు తెలియాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

తొంభైల నడిమి మాట. మనవరాలు తొమ్మిదో తరగతి. కొడుకు హెబ్బగోడిలో ఫ్యాక్టరీకి, కోడలు ఆఫీసుకు పొద్దున్నే పోయేవాళ్ళు. నేను అప్పుడే రిటైరయ్యాను కాబట్టి పిల్లను బడికి తీసుకెళ్ళే ఉద్యోగం నాకు దొరికింది. ఆ బడిలో ఒక జెండా దళం ఉండేది. పరేడ్‌లో జెండాకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు కత్తులు పట్టుకుని నడుస్తారు. వేదిక ముందుకు రాగానే కత్తిని మణికట్టు మీద గిరగిరా తిప్పి, పైకి ఎగరేసి, మళ్ళీ పిడి దగ్గర పట్టుకుంటారు. కత్తులకు పదును లేదు కాని బరువుకు లోటు లేదు. అంతవరకూ మగపిల్లలే తిప్పేవాళ్ళు. ఆ ఏడు ఆరుగురు ఆడపిల్లలకు నేర్పుతానని మాస్టారు పట్టుబట్టారు. హెడ్‌మిస్ట్రెస్ అయిష్టంగానే ఒప్పుకుంది.

ఆయన పటాలం బ్యాండులో పనిచేసి వచ్చిన మనిషి. ఖాకీ ప్యాంటు వెలిసిపోయి ఉండేది కాని దాని ఇస్త్రీ మడతకు ఆ కత్తుల కన్నా పదునెక్కువ. ప్రాక్టీసుకు ముందు మైదానమంతా వంగి వంగి తిరుగుతూ గులకరాళ్ళు ఏరి జేబులో వేసుకునేవారు. "కత్తిని చూసే పిల్లకి నేల కనపడదు గదమ్మా" అనేవారు. నడిస్తే జేబు గలగలమనేది. సాయంత్రం ఆయన భార్య తిట్టుకుంటూ ఆ రాళ్ళన్నీ వాకిట్లో కరివేపాకు కుండీలో పోసేది.

మణికట్టు తిరగడం మాటలతో రాదు. చెయ్యి పట్టి చూపించాలి. మగపిల్లలకు అలాగే చూపేవారు. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకుని, "అట్లా కాదు పాపా, ఇట్లా" అని గాలికి చెప్పేవారు. మూడు రోజులు గడిచినా గాలికి తప్ప ఎవరికీ ఏమీ రాలేదు. నాలుగో రోజు, మెట్ల మీద కూర్చున్న నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, మీకు దోసెలు పోసే అలవాటు ఉండాది గదా?"

"ఉండాది. ఇప్పుడేమన్నా పొయ్యమంటారా?"

"పిండిని గరిటెతో తిప్పే మణికట్టే కత్తికీ కావాల. మీకు నేను నేర్పిస్తా, మీరు పిల్లోళ్ళ చెయ్యి పట్టి చూపించండి."

అలా యాభై ఎనిమిదో ఏట, కొంగు బొడ్డులో దోపుకుని, కత్తి తిప్పడం నేర్చుకున్నాను. మొదటి వారంలో మూడుసార్లు నా కాలి మీదే పడేసుకున్నాను. ఆరుగురూ చున్నీలు నోట్లో కుక్కుకుని నవ్వారు. "నవ్వండమ్మా, నవ్వండి. మీ పరీక్ష పేపర్లు నా దగ్గరికి రావనే కదా ఆ ధైర్యం!" అన్నాను.

పిడి ఎలా పట్టుకోవాలో ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "సంతలో చిన్నబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో పాపా. బిగిస్తే ఏడుస్తాది, వదిలితే పోతాది." ఆ పట్టు అందరికన్నా ముందు మా పిల్లకు చిక్కింది. ఎగరేస్తే పిడి వచ్చి దాని అరచేతిలో తనంతట తానే కూర్చునేది. "పాప మణికట్టు బంగారమమ్మా" అన్నారాయన. మరి నాదో అని అడుగుతానేమోనని ఆగి, "మీది గట్టి ఇత్తడి" అని కూడా చెప్పారు.

దసరా సెలవులు వచ్చాయి. ఆయుధ పూజనాడు ఈ ఊళ్ళో స్కూటరుకూ కుట్టుమిషనుకూ కూడా బొట్టు పెడతారు, మరి నిజంగా ఆయుధాలే అయిన వాటిని ఎలా వదిలేస్తాం? బడికి సెలవు కాబట్టి ఆరు కత్తులనూ మా ఇంటికి తెప్పించాను. కడిగి, తుడిచి, మెరవాలని మొన నుంచి పిడి దాకా నువ్వుల నూనె పట్టించి, గంధం, కుంకుమ పెట్టాను. పిడికి తోలు చుట్టి ఉంటుంది. తోలు నూనె తాగుతుందని నాకు తట్టలేదు. ఘర్షణ పాఠం సైన్సు టీచరుది, నాది కాదు.

సెలవుల తర్వాత, నవంబరు ఒకటిన జరిగే కన్నడ రాజ్యోత్సవం పరేడ్ కోసం హెడ్‌మిస్ట్రెస్ ఎదుట రిహార్సల్. మా పిల్ల వరసలో మొదట ఉంది. తిప్పింది, ఎగరేసింది, కత్తి తిరిగి చేతిలోకి వచ్చింది. వచ్చి, సబ్బులా జారి, ఎదురుగా నిలబడ్డ మాస్టారి కనుబొమ్మకు తగిలింది. రక్తం కారింది. పిల్ల అక్కడే కూలబడిపోయింది.

ఆయన పడిన కత్తిని తీశారు. పిడి తడిమి, వేళ్ళు వాసన చూసి, నా వైపు ఒక్కసారి చూశారు. అంతే.

హెడ్‌మిస్ట్రెస్ తన గదిలోకి మాస్టారినీ నన్నూ పిలిచింది. ఆడపిల్లలకు కత్తులు వద్దని మొదటే చెప్పానని, ఈసారి మగపిల్లలే నడుస్తారని అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "కత్తులు తుడిచి ఇచ్చేది నా పని మేడమ్. నేను తుడవలేదు. తప్పు నాది. పిల్లోళ్ళని మాత్రం తియ్యొద్దండి" అన్నారు. చివరికి పిల్లలు నడవవచ్చు కాని దళానికి ముందు నడిచే మాస్టారుగా ఆయన ఉండకూడదని తేలింది.

బయటికి రాగానే, "నూనె పూసింది నేను. లోపలికి పోయి చెప్పేస్తా" అన్నాను.

"ఇప్పుడు చెప్తే మిమ్మల్నీ రావద్దంటారు. మీరు రాకుంటే పిల్లోళ్ళ చెయ్యి ఎవరు పట్టుకుంటారు? పరేడ్ కానీండమ్మా. ఆపైన పాపకు మీరే చెప్దురు."

పరేడ్ రోజు ఆయన, జనం లోపలికి రాకుండా కట్టిన తాడుకు ఇవతల, తల్లిదండ్రుల మధ్య, కనుబొమ్మ మీద ప్లాస్టరుతో నా పక్కనే నిలబడ్డారు. నిలబడ్డచోటే కాళ్ళు తాళం తప్పకుండా కదులుతున్నాయి, జేబులో రాళ్ళు గలగలమంటున్నాయి. వేదిక ముందు ఐదు కత్తులు పైకి లేచాయి. ఆరోది మా పిల్ల భుజం మీదే ఉండిపోయింది. ఆయన కాళ్ళు ఆగిపోయాయి.

ఆ తర్వాత పిల్ల కత్తి ముట్టలేదు. బడికి కొత్త కత్తులు వచ్చినప్పుడు దాని పాత కత్తిని ఆయన అడిగి తీసుకుని మా ఇంటికి తెచ్చారు. "ఎప్పుడన్నా తిప్పాలనిపిస్తాదేమో, ఉండనీండి" అన్నారు. అటక మీద పెట్టాను.

మరి నేను చెప్పానా? ఆ సాయంత్రం పిల్ల ఏడుస్తోంది, రేపు చెబుదామనుకున్నాను. తర్వాత పరీక్షలు వచ్చాయి. ఆ తర్వాత మరిచిపోయిందిలే అనుకున్నాను. మరవలేదని మొన్న ఫోనులో తెలిసింది. ఒకరి తప్పును ఎత్తి చూపడంలో నాకున్న నేర్పు నా తప్పు దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందో!

ఆయన ఏనాడూ గుర్తు చేయలేదు. ఏటా ఆయుధ పూజకు బొరుగుల ప్రసాదం తీసుకోవడానికి వచ్చి, బొట్లు పెట్టిన నా కుట్టుమిషను చూసి, "చక్రానికి నూనె పూయలేదు గదమ్మా?" అని అడిగేవారు. నవ్వేవాళ్ళం. ఆ నవ్వులో ఆయన అడుగుతున్నది వేరే మాటని నాకు తెలుసు. పోయిన దసరాకూ అడిగారు.

ఒసే పిల్లా, ఇది నువ్వూ చదువుతావు. ఆ రోజు నీ చెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. జారింది నా నూనె.

ఆదివారం పొద్దున్నే రా. అటక మీద పాత దుప్పట్లో చుట్టిన కత్తి ఉంది, స్టూలు వేసుకుని దింపు. పిడిని పొడిగుడ్డతో తుడిచి సుద్దపొడి రాయి. బొట్టు వద్దు, ఇంకేమీ వద్దు. బస్సులో మొన బయటికి కనపడితే కండక్టరు దింపేస్తాడు, దుప్పటి గట్టిగా చుట్టు. నేనూ వస్తాను, మాస్టారి ఇంటికి పోదాం. దారిలో బడి దగ్గర దిగుదాం. ఆ మైదానంలో ఒకసారి తిప్పి చూడు, తిప్పకపోయినా నేనేమీ అనను. కత్తి నాకిచ్చి, నువ్వు నిలబడిన చోట గుప్పెడు గులకరాళ్ళు ఏరు. అందంగా ఉండేవి వద్దు, కాలికి గుచ్చుకునేవే తియ్యి. కరివేపాకు కుండీ వాళ్ళ గేటు పక్కనే ఉంటుంది. లోపలికి పోయేముందు వాటిని అందులో వెయ్యి.