ముప్పై వేల ముప్పై ఒకటి

నా చిన్నప్పుడు, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి అక్కకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. నెల తిరక్కుండా వాళ్ళింట్లోకి కంప్యూటరూ వచ్చింది. ఆదివారమైతే చాలు, కాలనీ పిల్లలమంతా దాని ముందే. అదే ఏడాది మా తాతయ్య చూపు పోతూ ఉంది. నీటికాసుల జబ్బు, ఇక ఆపలేమని డాక్టర్లు చెప్పేశారు.

తాతయ్య వర్క్‌షాప్‌లో రైలు చక్రాలు పరీక్షించి రిటైరైన మనిషి. సుత్తితో కొట్టి, మోత విని, బాగుంటే సుద్దతో టిక్కు పెట్టేవారట. ఆ టిక్కును నమ్మే బండి కదిలేది. ఇంట్లో ఆయన సరదా అల్లా పెద్ద పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విరగ్గొట్టడం.

ఒక ఆదివారం నన్ను కూర్చోబెట్టుకుని కొత్త సంఖ్య ఇచ్చారు. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, ఇవి మొదటి ఆరు ప్రధాన సంఖ్యలు. తమతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ తెగవు. వీటన్నిటినీ గుణించి ఒకటి కలిపితే ముప్పై వేల ముప్పై ఒకటి. ఆ ఆరింటిలో దేనితో భాగించినా ఒకటి మిగిలిపోతుంది. మరి ఇదీ ప్రధాన సంఖ్యేనా? దాని వర్గమూలం లోపు, అంటే నూట డెబ్బై మూడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే తేలిపోతుందన్నారు.

"యాభై మూడు దాంక నేను చూసిన బిడ్డా. ఇగ కండ్లు ఆనుతలేవు. మిగిలినయి నువ్వు చూడు. చూసినదానికల్లా టిక్కు పెట్టు."

పలక మీద ఇరవై నాలుగు సంఖ్యలు. పక్కింట్లోంచి పిల్లల కేకలు. ఒక్క భాగహారమైనా చెయ్యకుండా ఇరవై నాలుగు టిక్కులూ పెట్టేసి, "దేంతోని పోతలేదు తాతా" అన్నాను. ఆయన పలక అందుకుని గూట్లో పెట్టేశారు. తర్వాత, పోయి ఆడుకోమన్నారు.

మళ్ళీ నాకు సంఖ్య ఇవ్వలేదు. వానాకాలం వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. పేపరు చదవడానికీ, కంటి నొప్పికి వేసే చుక్కల మందు సీసా మీద పేరు చూడడానికీ పక్కింటి అక్కనే పిలిచేవారు. నేను ఎదురుగానే ఉండేదాన్ని. పీడా పోయిందని మొదట్లో సంబరపడ్డాను. పోనుపోను ఆ పిలుపు వినడమే కష్టమైంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఒక సెలవునాడు పలక తీశాను. వరసలో మొదటిది యాభై తొమ్మిది. శేషం లేకుండా తెగింది! అయిదు వందల తొమ్మిది సార్లు. ఏడుస్తూ వెళ్ళి చెప్పాను.

"మొదటిదే కద బిడ్డా" అన్నారు మెల్లగా.

ఆయనకు ముందే తెలుసు. మొదటి దెబ్బకే గెలిచి నేను సంతోషపడాలని, అక్కడిదాకా తెచ్చి నా చేతిలో పెట్టారు. తన కళ్ళు పోయాక నన్ను నమ్ముకోవచ్చో లేదో కూడా చూసుకున్నారేమో. నా తల నిమిరారు గానీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నా ఉద్యోగం, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. సాయంత్రానికి విసుగొచ్చి, చివరి నాలుగు పరీక్షలూ చూడకుండానే టిక్కు పెట్టబోతే ఆ మెల్లని మాట వినపడుతుంది. చెయ్యి ఆగిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి చూస్తాను.

తాతయ్య ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. నాతో నవ్వుతూనే మాట్లాడేవారు. ఆ మందు సీసా మాత్రం ఒక్కసారైనా నా చేతికివ్వలేదు.