ముత్తమ్మ బతికే ఉంది

భద్రాచలంలో ఇప్పుడు ఇప్పపూల లడ్డూలు రంగు డబ్బాల్లో అమ్ముతున్నారు. మూత తీయగానే తియ్యగా, కాస్త మత్తుగా లేచే ఆ వాసనకు నలభై ఏళ్లు వెనక్కి, దుమ్ముగూడెం దగ్గర మా పెద్దమ్మ వంటింట్లో పడతాను: పెనం మీద వేగే ఎండు పూలు, తొలివానకు తడిసిన మట్టిగోడ, పొయ్యి పొగ, పెద్దమ్మ అటు తిరగగానే పెనంలో చేయి పెట్టే నేనూ, భద్రమ్మా.

భద్రమ్మ పెద్దమ్మ కన్న పిల్ల కాదు. అడవిలోపలి గూడెంలో ఉండే ముత్తమ్మ కూతురు. అక్కడ బడి లేక అయిదో ఏట మా పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. ఏటా ఇప్పపూలు రాలే కాలానికి పెద్దమ్మ దానికి కొత్త లంగా కుట్టించి, బియ్యం మూటతో తల్లి దగ్గరికి పంపేది. తొలకరికి ముత్తమ్మ ఎండుపూల గంపతో సహా తెచ్చి దిగబెట్టేది. ఈ ఏర్పాటుకు పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

భద్రమ్మ అయిదో తరగతి అయ్యాక హాస్టల్ బడి సీటుకు ఇంగ్లీషులో దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. మర్నాడే గడువు. నేను పదో తరగతి. ఆ ఇంట్లో ఇంగ్లీషుకు నేనే దిక్కు, ఇంటి పరిస్థితి అలా ఉండేది. నా గైడులో రెండే ఉత్తరాలున్నాయి: జ్వరం వచ్చిందని సెలవు కోరేది, అనాథ సాయం కోరేది. జ్వరం నప్పలేదు. రెండోది పేరు మార్చి దించి, గొంతు సవరించుకుని అర్థంతో సహా చదివాను.

ముందురోజే పిల్లను దిగబెట్టడానికి వచ్చి, వాకిట్లో పూలు చెరుగుతున్న ముత్తమ్మ చేట ఆపింది. "ఏంది బిడ్డా, నన్ను గిట్ల సంపినవ్? పొద్దుగాల నీకు గంజి పోసింది నేనే గద!"

భద్రమ్మ తండ్రి ఎప్పుడో పోయాడు. అంతవరకు నేను రాసింది నిజమే. "అట్ల రాస్తే సీటు జల్దీ ఇస్తరు," అన్నాను.

ముత్తమ్మ చేటలో పూలు మళ్లీ ఒకసారి ఎగరేసింది. "అయితే ఉండనీ. దాని సదువు కంటే నేనెక్కువనా?"

భద్రమ్మ తల్లి కొంగు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. పెద్దమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఉండనిచ్చుడేంది? నువ్వు సస్తే ఎండకాలం పిల్లను ఎవరింటికి తోలాలె?"

"పోనీ నువ్వే తల్లివని రాయించక్కా."

"కనుడు నీది, రాయించుకునుడు నాదా? చింపురా అది!"

ముందు గదిలో కిరాయికి ఉండే ఇంగ్లీషు మాస్టారు సొంతూరు వేంసూరు వెళ్లి ఆ రాత్రే తిరిగొచ్చారు. ఆయన నేనింకా చింపని కాగితం చివరిదాకా చదివి, "రాత బాగుందిరా. ఒక మనిషి ప్రాణం పోయింది, అంతే," అన్నారు. తర్వాత నిదానంగా చెప్పారు: "కన్నతల్లి ఉండగానే ఇంకొకరు బిడ్డను పెంచితే ఆమెను ఫోస్టర్ మదర్ అంటారు. పిల్ల పెంచినామె దగ్గర పెరుగుతుంది, కన్నామె కూతురుగానే ఉంటుంది. ఎవర్నీ చంపక్కర్లేదు. ఇద్దర్నీ రాయి."

రాశాను. ఒక్క వేలిముద్రకు వదిలిన చోట రెండు ఇరుక్కున్నాయి. ఆ సిరా చూసి కాగితం తిప్పి పంపుతారేమోనని నెలరోజులు ఇంట్లో అందరం పోస్టుమాన్‌ని మర్యాదగా చూశాం. సీటు వచ్చింది.

ఇప్పుడు ఆ గూడేనికి రోడ్డుంది, బడి ఉంది. ఎవరూ పిల్లల్ని ఊళ్లోకి పంపి పెంచనక్కర్లేదు. భద్రమ్మ భద్రాచలంలో టీచరు. పెద్దమ్మకు వినికిడి, ముత్తమ్మకు చూపు తగ్గాయి. ఇద్దరూ ఆమె దగ్గరే ఉంటూ, కూరలో ఉప్పు మీద రోజూ పోట్లాడుకుంటారు. మొన్న పక్కింట్లో కొత్తగా దిగినావిడ, "వీళ్లలో మీ అమ్మ ఎవరండీ?" అని అడిగింది.

భద్రమ్మ దిద్దుతున్న పరీక్ష కాగితాల మీంచి తల ఎత్తలేదు. "ఇద్దరూ. కూసోండి, చాయ్ పెడత."