మా అత్తగారు తొడుక్కున్న గాలి జాకెట్టు

మొన్న కొత్త గ్యాసు బండ బిగించాక ఏదో వాసన వస్తోందని నేను అనుమానపడితే, బండ తెచ్చినతను గిన్నెలు తోమే సబ్బు నురగ వేలితో తీసి రెగ్యులేటరు చుట్టూ పూశాడు. మేమిద్దరం వంగి చూస్తుండగా ఒక మూల చిన్న బుడగ పుట్టి, కందిగింజంత అయి, చిట్లిపోయింది. అతను వాషరు మార్చి వెళ్ళిపోయాడు గానీ నేను పొయ్యి వెలిగించడం మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. ఎప్పుడో కృష్ణలంకలో మా రేకుల ఇంటి పెరట్లో, నేనూ మా అత్తగారూ ఇలాంటి బుడగ కోసమే పొద్దస్తమానం వెతికిన సంగతి గుర్తుకొచ్చింది.

మా ఆయనవాళ్ళు కృష్ణ మీద, మా పుట్టింటివాళ్ళు బందరు వైపు సముద్రం మీద చేపలు పట్టి బతికినవాళ్ళు. తొంభైల చివర్లో నేను కాపరానికి వచ్చేనాటికే మా ఆయన వల వదిలేసి, విశాఖపట్నం వెళ్ళి నీళ్ళ అడుగున పని నేర్చుకొని వచ్చి, వంతెన స్తంభాలకు నీళ్ళ లోపల పగుళ్ళున్నాయేమో చూసే ఒక కాంట్రాక్టరు దగ్గర కుదురుకున్నారు. వీపున గాలి సిలిండరు, నడుముకు సీసపు దిమ్మలు, ఒంటికి ఒక జాకెట్టు. ప్రాణమంతా ఆ జాకెట్టులోనే ఉండేది. సిలిండరులోంచి దానిలోకి గాలి వదిలితే మనిషి పైకి తేలతాడు, భుజం దగ్గర తాడు లాగి గాలి తీసేస్తే కిందికి దిగుతాడు. ఆయన పెరట్లో నిలబడి నా జాకెట్టు ఆరిందా అని కేకేస్తే పక్కింటి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవారు. విశాఖలో ఎవరో సముద్రంలో వాడి వదిలేసినదాన్ని కొనుక్కొచ్చారేమో, రంగు వెలిసి, అంచులు పీచులు తేలి ఉండేది.

ఈ పని మా అత్తగారికి సుతరామూ ఇష్టం లేదు. తెల్లవారుతూనే చేపల తట్ట నెత్తినపెట్టుకొని వెళ్ళి, ఎండెక్కేసరికి అమ్ముకొని వచ్చే మనిషి ఆవిడ. ఇంట్లో మాట తక్కువ, ఇంటర్మీడియట్ చదివి వచ్చిన కోడలితో మరీ తక్కువ. నీటి మీద బతకాలి గానీ నీటి కింద బతకడమేమిటన్నది ఆవిడ వాదన.

నాకు ఏడో నెల నడుస్తుండగా, ఒకరోజు మా ఆయన అన్నం తింటూ ఆ రోజు జరిగింది నవ్వులాటగా చెప్పారు. పని ముగించి పైకి వచ్చాక జాకెట్టు గాలి నిలబెట్టలేదట, సీసం కిందికి లాగేస్తుంటే పడవలోవాళ్ళు తాడు విసిరి పట్టుకున్నారట. ఆయన నవ్వుతూనే ఉన్నారు. మా అత్తగారు చేయి కడుక్కొని లేచి, తీగ మీద ఆరుతున్న జాకెట్టును తీసి ట్రంకుపెట్టెలో పడేసి, తాళం వేసి కొంగున ముడేసుకున్నారు. పై వారం బ్యారేజీ దిగువన పెద్ద పని ఉందనీ, అది చేజారితే కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకుంటాడనీ, మళ్ళీ వల పట్టుకోవాల్సిందేననీ మా ఆయన ఎంత చెప్పినా ఆవిడ ఒకటే మాట.

"చిల్లెక్కడుందో నాకు చూపించరా. చూపిస్తే తాళం ఇస్తా."

"సన్న లీకే అమ్మా, కంటికి కనపడదు. విశాఖ వెళ్ళి ఎవరి దగ్గరన్నా ఇంకోటి అడిగి తెస్తాలే," అని ఆయన ఆ సాయంత్రమే రైలెక్కారు.

మర్నాడు చేపలమ్ముకొని వచ్చిన మా అత్తగారు కాళ్ళు కడుక్కొని, పెట్టె తీసి, జాకెట్టును నా ముందు పెట్టారు. "చదువుకున్నావు గదా, దీని సంగతేంటో చూడమ్మా," అన్నారు. కాపరానికి వచ్చాక ఆవిడ నన్ను ఒక పని అడగడం అదే మొదలు. నోటితో గాలి ఊదడానికి జాకెట్టుకు ఒక చిన్న గొట్టం ఉంది. అది నోట పెట్టుకొని ఊదబోతే నాకు కడుపుతో ఆయాసం వచ్చింది. ఆవిడ నా చేతిలోంచి గొట్టం లాక్కొని, వీధి ఆ చివరికి వినపడేలా కేకలేసి చేపలమ్మిన ఊపిరితో ఊదితే అది బూరెలా పొంగింది. కుంకుడుకాయలు నలగ్గొట్టి, నురగ తీసి, కుట్టు కుట్టుకూ పూసుకుంటూ పోయాం. నడుం పట్టేసి, ఇక లాభం లేదనుకునే వేళకు చంక కింది కుట్టు దగ్గర నురగలోంచి ఒక బుడగ పైకి లేచింది. మా అత్తగారు దాని మీద వేలు పెట్టి, నేను బొట్టుపెన్సిలు తెచ్చి గుర్తు పెట్టేదాకా వేలు తీయలేదు.

సిటీ బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళి, బండ్ల సీట్లు కుట్టే దుకాణంలో అడిగి, రబ్బరు పడవలకు వాడే జిగురు తెచ్చాను. శుభ్రంగా తుడిచి, పూసి, ఒక పగలూ ఒక రాత్రీ ఆరనిచ్చి, మళ్ళీ ఊది తీగకు తగిలించాం. పొద్దున లేచి చూస్తే అది మళ్ళీ ముడుచుకుపోయి వేలాడుతోంది. నాకు ఏడుపొచ్చేసింది. మా అత్తగారు మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకొని పిసికారు. గొట్టంలోంచి నాలుగు చుక్కల నీళ్ళు వస్తే నాలుక మీద వేసుకొని చూసి, ఉప్పగా ఉన్నాయన్నారు. "మీ మామయ్య పడవ గట్టు మీదుంటే ఎక్కడ కారేదో తెలిసేది కాదే. మనుషులెక్కితేనే తెలిసేది. దీన్నీ ఎవరో ఒకరు తొడుక్కోవాల," అన్నారు.

ఆ కడుపుతో నాకు అది పట్టదు. కాబట్టి ఆవిడే నేతచీర మీద జాకెట్టు తొడుక్కున్నారు. పట్టీలన్నీ బిగించి, గాలి నింపి, బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టిలో గొంతు దాకా నీళ్ళలో కూర్చోబెట్టాను. కొప్పు ముడి విప్పకుండా, కొడుకు చేసే పని ఇదన్నమాట అన్నట్టు ముందుకే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి కుడి భుజం వెనక, గాలి వదిలే తాడు కట్టిన గుండ్రటి మూత దగ్గర, సన్నగా ముత్యాలు గుచ్చినట్టు బుడగలు మొదలయ్యాయి.

"అత్తయ్యా, కదలకండి. దొరికింది."

"నేనెక్కడికి పోతానే తల్లీ, ఇంత బిగించి కట్టి," అన్నారావిడ. ముందు నాకు నవ్వొచ్చింది, తరవాత ఆవిడకు వచ్చింది. ఆవిడ నవ్వుతుంటే బుడగలు ఇంకా జోరుగా వచ్చాయి.

మూత తిప్పి తీస్తే లోపల రబ్బరు బిళ్ళ అంచున ఉప్పు గట్టిపడి పేరుకొని ఉంది. ఆ ఉప్పు పలుకుల సందునుంచి రాత్రంతా కంటికి కనపడనంత సన్నగా పోయిన గాలి, ఒంటికి బిగించి గుడ్డ సాగేసరికి బుడగలుగా పోతోందన్నమాట. గోరువెచ్చని నీళ్ళు పోసి కడగడం, పారబోసే ముందు ఆవిడ రుచి చూడడం, చప్పగా తగిలేదాకా అదే పని. మూత బిగించి, ఊది, తగిలించిన జాకెట్టు మర్నాడు పొద్దున్నా నిండుగానే ఉంది.

విశాఖ నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చిన మా ఆయన నమ్మలేదు. తొడుక్కొని, కాలవలో మునిగి తేలి, తడి బట్టలతో వచ్చి వాళ్ళమ్మ ముందు కూర్చున్నారు. ఆవిడ వెళ్తే వెళ్ళిరమ్మన్నారు, అంతే. పని రోజున తట్ట ఎత్తకుండా నాతోపాటు గట్టు మీదికి వచ్చారు. నీళ్ళ మీద చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఆయన తల పైకొచ్చి, మెడ దాకా అలాగే నిలిచింది. ఆయన చెయ్యి ఊపారు. మా అత్తగారు బదులుగా చెయ్యి ఊపలేదు. "పద, ఎండగా ఉంది," అని నా మోచెయ్యి పట్టుకొని జాగ్రత్తగా గట్టు దింపారు. ఆ తరవాత ఆవిడ నన్ను ఏవమ్మా అని పిలవడం మానేసి, పేరుపెట్టి పిలిచేవారు.

తరవాత చాలా ఏళ్ళు మా ఆయనతో పనిచేసేవాళ్ళంతా తమ జాకెట్లు మా పెరటికే తెచ్చేవారు. మా అమ్మాయి వాటి మధ్యే పాకి, నడక నేర్చింది. ఇప్పుడు ఆ పనులకు కొత్త కంపెనీలు వచ్చాయి. సామాను పెద్ద ఊళ్ళకు పంపి, మిషన్ల మీద పరీక్ష చేయించి, సీలు వేసి తెప్పిస్తారు. అదే మంచిది, మా కుంకుడు నురగ కన్నా వెయ్యి రెట్లు మంచిది, కాదనను. మా అత్తగారు లేరు, మా ఆయన మోకాళ్ళ నొప్పులతో నీళ్ళ జోలికి పోవడం లేదు. బ్యారేజీ మీదుగా వెళ్ళేటప్పుడు కింద పడవా, గట్టు మీద కొంగు నుదుటికి అడ్డం పెట్టుకొని చూస్తున్న ఏ ఆడమనిషైనా కనపడితే మాత్రం, ఆమె మొగుడో కొడుకో కట్టుకొని దిగిన ఆ సామాను ఒక్కసారైనా ఆమె చేతికిచ్చి చూసుకోమన్నారో లేదో అడగాలనిపిస్తుంది.