మక్కచేనులో ఎవరో పలికారు

మా ఆయన సాంచాల మీద బట్ట నేసే పని మానేసి కిరాయికి తిప్పే కారు కొన్నప్పటి నుంచి, మా ఇంట్లో ఏడాదికోసారి ఇన్సూరెన్స్ పంచాయితీ తప్పదు. "ఏమన్న అయితదా, పాడా? ఊకెనే పైసలు గుంజుతరు" అని సణుగుతూ అన్నిటికన్నా తక్కువది కట్టేవాడు. ఆ ఏడు నేనే మెడమీద కూర్చుని ఫుల్ ఇన్సూరెన్స్ చేయించాను. ఎక్కువ కట్టించానని చాలా రోజులు మూతి ముడుచుకునే తిరిగాడు.

చలికాలం. జగిత్యాలలో మా చెల్లె బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారంటే సిరిసిల్ల నుంచి పెందలాడే బయలుదేరాం. బోయినపల్లి దాటి మల్యాల వైపు పోతుంటే తెల్లవారింది గానీ మంచు విడవలేదు. కారు ముందు కొంచెం రోడ్డే కనిపిస్తోంది. ఆ కొంచెంలోకి ఒక దుప్పి వచ్చి నిలబడింది. ఉరికి రాలేదు, దూకలేదు. ఊరికే నిలబడి మా వైపు చూసింది. ఆయన బ్రేకు తొక్కినా తగలనే తగిలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు, బియ్యం మూట కింద పడేసినట్టయింది.

దిగి చూస్తే బానెట్ ముడుచుకుపోయింది, ఒక లైటు పగిలింది. దుప్పి రోడ్డు పక్కన పడి ఉంది. దాని ముందుకాలి మీద వెంట్రుకలు కమిలిపోయి నల్లటి గీత ఉంది. కారు తగిలితే ఇట్లా కాలదు కదా అని నేను అనుకునేలోపే అది లేచింది. ఒక్క అరుపు లేదు. మెల్లగా పక్కనున్న, కంకులు పట్టిన మక్కచేనులోకి నడిచిపోయింది.

మా ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఫోన్ కొట్టాడు. "ఫొటో తియ్యన్నా. జంతువు కనవడకపోతే, నువ్వే పోయి గోడకు గుద్దినవంటరు" అన్నాడు అవతలాయన. ఇంకేముంది, "గిప్పుడే అస్త" అని ఈయన చేనులో దిగాడు. మనిషిని మింగేసేంత ఎత్తు చేను. వద్దంటే వింటేనా! ఆకుల చప్పుడు కాసేపు వినిపించి, అదీ ఆగిపోయింది.

అప్పుడు చేను ఒడ్డు వెంట ఒక ముసలమ్మ వచ్చింది. నా వైపు, కారు వైపు చూసి, "లోపలికి ఎవలన్న పోయిన్రా?" అంది.

"మా ఆయన పోయిండు."

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, పిలువు బిడ్డా! ఆడనే నిలవడుమను. పందుల కోసం మా కొడుకు కరెంటు తీగ పెట్టిండు."

"గీ చేన్లనేనా?"

"గదే ఎర్కలేదు. గీ గుట్ట సుట్టు ఎక్కడనో. నిన్న పొద్దూకినంక పోయిండు, ఇంక రాలే. దేవులాడుకుంట అచ్చిన."

"పోయేటప్పుడు ఎటు అని అడుగలేదా?"

"వేటకు పోయేటోన్ని ఎటు అని అడుగుతరా, బిడ్డా?"

ఆమె అన్నది నాకు తెలియనిదేం కాదు. మా ఇంట్లోనూ గడప దాటే మనిషిని ఎటు అని అడగరు. అడిగితే వెనక్కొచ్చి, మంచినీళ్లు తాగి మళ్లీ కదులుతారు. వేటకు పోయేవాళ్లకు ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. ఊరంతా శకునం చూసుకుని నోరు మూసుకుంటే, తీగ ఎక్కడుందో ఎవడికి తెలియాలి? నాకు ఒళ్లు మండిపోయింది. "మీ శకునం పాడుగాను! నా మొగనికి ఏమన్నయితే ఒక్కన్ని ఇడువ" అని ఆ ముసలామె మీద అరిచాను.

చేను వైపు తిరిగి గొంతు చించుకున్నాను. "ఓయ్! కదలకు! తీగ ఉన్నదట! ఇనవడ్డదా?"

"ఆఁ" అని లోపలెక్కడి నుంచో పలుకు వచ్చింది.

నా ప్రాణం లేచొచ్చింది. కానీ ముసలమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మావోడే! మావోడు పలికిండు!" అంది.

"నీ కొడుకు కాదమ్మా, మా ఆయన."

"కన్నదాన్ని, నా కొడుకు గొంతు నాకు ఎర్కలేదా?"

"సాంచాల మోతలనే గుర్తువడుత నేను, నా మొగని గొంతు!"

నిజంగానే నేను సాంచాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఎంత మోతలోనైనా ఆయన దగ్గితే పోల్చుకుంటాను. మళ్లీ పిలిచాను. మళ్లీ "ఆఁ" అని వచ్చింది, ఈసారి ఇంకో దిక్కు నుంచి. గాలి లేదు. ఒక్క ఆకు కదలడం లేదు. ఆ ఒక్క పలుకు కోసం మేమిద్దరం నాదంటే నాదని రోడ్డు మీద కొట్లాడుకున్నాం.

ఇంతలో కారు పక్కనే ఆకులు కదిలి మా ఆయన బయటికొచ్చాడు. పలుకు వచ్చిన వైపు నుంచి కాదు, దిగిన చోటి నుంచే. ఒళ్లంతా మంచుకు తడిసి ఉంది. వెళ్లి అంగి పట్టుకుని గుంజాను. "పలుకుతనే ఉన్నవ్ గద! రానీకి గింతసేపేంది?"

"నేను పలుకలే" అన్నాడు. "నాకు నోరే రాలే."

మోకాళ్ల ఎత్తున తీగ ఉందట. దాని మీద మంచు బొట్లు వరసగా మెరిస్తే ఆగిపోయాడట. "తీగకు అవుతల ఒక మనిషి పండుకున్నట్టు ఉన్నడు. దుప్పి ఆయన పక్కకే నిలవడి సూస్తున్నది. పిలుద్దామనుకున్న. కండ్లు తెరిచే ఉన్నయ్, రెప్ప కొడుతలేడు..." అంటూ అప్పుడు ముసలమ్మను చూసి ఆగిపోయాడు.

ఆమె రెండడుగులు ముందుకొచ్చింది. "అంగి ఏం రంగు, నాయినా?"

ఆయన నా వైపు చూశాడు. చేతిలో ఫోన్ మోగుతోంది, ఏజెంటుది. ఎవరం ఎత్తలేదు.

"పచ్చది" అన్నాడు చివరికి.

ఆమె ఏడవలేదు. చేను వైపు తిరిగి, నోటికి రెండు చేతులు అడ్డం పెట్టుకుని, "కొడుకా!" అని పిలిచింది. ఆగి విన్నది. మళ్లీ పిలిచింది. ఇందాక వినిపించిన గొంతు ఆమె కొడుకుదే కావాలని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటూ, నేనూ ఆమెతో కలిసి పిలిచాను.

ఎవరూ పలకలేదు.