లేటు ఎవరిది?

2023, ఎండాకాలం. అనంతపురంలో ఒక మొబైల్ షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. నేను అక్కడ నెట్‌వర్క్ ఇంజనీర్‌ని. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే గదులు కడతానని చెబుతాను. వాటికి ఇటుకలూ సిమెంటూ అక్కర్లేదు. ఊళ్ళో ఉన్న రోగి, ఎక్కడో దూరాన ఉన్న ఫిజియోథెరపిస్టు కళ్ళకు హెడ్‌సెట్లు తగిలించుకుంటే చాలు, ఇద్దరూ ఒకే గదిలో ఎదురెదురుగా నిలబడినట్టే ఉంటుంది. ఆమె బంతి విసురుతుంది, ఇతను పట్టుకుంటాడు. పక్షవాతంతో పడిపోయిన చేతికి అదే వ్యాయామం.

ఈ గదులకు పట్టిన పీడ లేటెన్సీ. ఇక్కడ చెయ్యి ఎత్తితే అది అక్కడ కనిపించడానికి పట్టే ఆలస్యం అన్నమాట. ఫోన్లో మాట కొంచెం ఆలస్యమైనా సర్దుకుపోతాం. బంతి సర్దుకోదు. రెప్పపాటు తేడా వస్తే వేళ్ళకు అందకుండా పోతుంది. అందుకే ఇద్దరి కదలికలనూ కలిపే సర్వర్‌ను ఇద్దరికీ దగ్గరగా ఉండే ఊరికి మారుస్తుంటాను, గదిలో అక్కరలేని బొమ్మలన్నీ పీకేస్తుంటాను. నాకు జీతమిచ్చేది ఆ రెప్పపాటు తగ్గించడానికే.

ముదిగుబ్బ ఓబులేసు మామ బోర్లు వేసే లారీకి డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. విశాఖపట్నంలో ఉండే చిత్రగారు ఆయనకు ఫిజియో. మొదట్లో బాగానే కోలుకున్నాడు, బంతి పట్టి తిరిగి విసిరే దాకా వచ్చాడు. ఉన్నట్టుండి బంతులు జారిపోవడం మొదలైంది. ఒకరోజు చిత్రగారు ఫోన్ చేశారు.

"రోజురోజుకీ ఎక్కువవుతోందండీ. చేతిలో బలం తగ్గుతోందేమో, వెంటనే స్కానింగ్‌కి వెళ్ళమంటే వినడం లేదు. లైను లేటంటారు. లైను సంగతి మీరే తేల్చాలి. నాకు మాత్రం భయంగా ఉంది."

లైను మీద నెపం పెట్టుకుని మనిషి ఆస్పత్రికి పోవడం లేదంటే, ఆ లైను నాది. పింగ్ చూశాను. సర్వర్ నుంచి చిన్న సందేశం పంపి, అది వాళ్ళింటి రౌటరు దాకా పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష అది. ఎక్కడా వంక లేదు. మామకు ఫోన్ చేశాను.

"మామా, లైను బాగుండాది. ఆస్పత్రికి పో."

"యాడ బాగుండాదిమా? నేను చెయ్యి సాపేలోపల బంతి ఎళ్ళిపోతాంది. నీ మిషను అబద్ధం చెప్తాంది. లైను సరిచెయ్ ముందు. ఆస్పత్రీ లేదు, ఏం లేదు."

పొద్దున్నే ముదిగుబ్బ బస్సెక్కాను. దారంతా ఒకటే కోరిక, తప్పు నాదే కావాలని, మామ చేతికి ఏమీ కాకూడదని. పనిచేసేవాళ్ళు ఎవరైనా అట్లా కోరుకుంటారా? నేను కోరుకున్నాను.

ఇంటి నిండా జనం. మామను పలకరించడానికి వచ్చిన చుట్టాలు, అరటిపళ్ళు, బ్రెడ్డు పొట్లాలు. అందరి కళ్ళూ టీవీ మీద. టీవీలో మా గది! మామ హెడ్‌సెట్‌లో చూస్తున్నదంతా అక్కడ ఆడుతోంది. నాకు ఒళ్ళు మండింది.

"అత్తా, ఎన్నాళ్ళ నుంచి ఇట్ల టీవీలో పెడతాండారు?"

మామ భార్య నారాయణమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "శానా దినాలైంది. వచ్చినోళ్ళంతా మంచాన పడినాడంట గదా అని ఏడుస్తాండారు. చూడండప్పా, మా ఆయన ఎట్ల ఆడతాండాడో అని చూపిస్తాండా. తప్పా?"

తప్పని ఎట్లా అనను? కానీ హెడ్‌సెట్ ఒకే వైఫై మీద అటు బంతినీ, ఇటు టీవీకి బొమ్మనూ మోయాలి. చుట్టాల ఫోన్లు కూడా దానిమీదే. నా పరీక్ష రౌటరు దాకా వచ్చి ఆగిపోతుంది, ఇంట్లో జరిగే తొక్కిసలాట దానికి కనపడదు.

టీవీ ఆపించాను. ఫోన్లలో వైఫై తీసేయమన్నాను. "పలకరిచ్చేదానికొస్తే ఫోన్లు ఆపమంటాందే ఈ పిల్ల!" అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. విసుక్కోనీ. ఈసారి హెడ్‌సెట్ నుంచే కొలిచాను. ఆలస్యం పోయింది. "చెప్తి గదా, లైనేనని!" అన్నాడు మామ. నాకూ గంతులేయాలనిపించింది.

చిత్రగారు బంతి విసిరారు. నా ల్యాప్‌టాప్‌లో చూస్తున్నాను. బంతి చక్కగా వచ్చింది. మామ కుడిచెయ్యి దాని వెనకాల వచ్చింది. మళ్ళీ విసిరారు. మళ్ళీ అంతే.

"ఎడమచేత్తో పట్టండి ఓబులేసుగారూ," అన్నారామె.

ఎడమచేత్తో ఒక్కటీ వదల్లేదు.

మామ హెడ్‌సెట్ పైకి తోసి నావైపు చూశాడు. "ఇంగా యాడో లేటుండాది, సూడుమా."

ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. "మామా, రెండు చేతులకూ లైను ఒగటే."

నారాయణమ్మ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది.

ఆ సాయంత్రం స్కానింగ్‌లో తెలిసింది, తలలో కొంచెం కొంచెంగా రక్తం చేరుతోందని. కొన్నాళ్ళ కింద స్నానాలగదిలో జారి తల గోడకు కొట్టుకుందట. భార్య తిడుతుందని చెప్పలేదు. పక్షవాతానికి వాడుతున్నవి రక్తం పలచబరిచే మాత్రలు కాబట్టి అది ఆగలేదు. ఇంకొన్నాళ్ళు లైనును తిట్టుకుంటూ కూర్చుని ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నారు. ఆపరేషన్ చేసి రక్తం తీసేశారు. ఆయన కళ్ళు తెరిచేదాకా నాకు అన్నం సహించలేదు.

అంతవరకూ ఆలస్యం తగ్గిస్తే ఆట నున్నగా సాగుతుంది, అంతే నా పని అనుకునేదాన్ని. యంత్రం ఆలస్యం ఉన్నంతకాలం మనిషి తన ఆలస్యాన్ని దాని చాటున దాచుకోవచ్చని, తననుంచి కూడా దాచుకోవచ్చని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎవరు ఫిర్యాదు చేసినా హెడ్‌సెట్ నుంచే కొలుస్తాను. లైనులో తప్పు దొరికినా సంబరపడను. అది సరిచేశాక ఇంకా ఏం మిగిలిందో చూస్తాను.

కొన్ని నెలలకు మామ మళ్ళీ బంతి ఆటకు వచ్చాడు. మొదటి బంతే జారిపోయింది. ఆట ఆపి, ఆఫీసు నుంచి చూస్తున్న నన్ను పిలిచాడు.

"ఏమ్మా, ఇప్పుడు లేటు నీదా, నాదా? నిజం చెప్పు."

కొలిచి చూశాను. చెప్పడానికి భయమేసింది, అయినా చెప్పాను. "నీదే మామా."

"నాదైతే సరే, నేను సూసుకుంటా," అని చిత్రగారి వైపు తిరిగాడు. "మేడమ్, ఇంగోటి ఎయ్యండి."