గ్రంథాలయం ముంగిట్లో మట్టి నేల

నగరి గ్రంథాలయంలో నేను ఉద్యోగానికి చేరేనాటికి దాని చుట్టూ గడ్డిపోచ కూడా లేదు. ప్రహరీగోడ దాకా సిమెంటు పోసి ఉండేది. ఎండాకాలం పొద్దున పదికే ఆ వేడి కిటికీల్లోంచి లోపలికి కొట్టేది. వానాకాలం నీళ్లు ఇంకే దారిలేక గడప దాటి పేపర్ల గదిలోకి వచ్చేవి. తడిసిన పుస్తకాలను ఫ్యాను కింద పరిచి ఆరబెట్టడం ఏటా ఉండే పనే.

ఒక తుఫానుకు బీరువాల కింది అరలన్నీ నానిపోయాక, ఇక ఓపిక లేక పైఅధికారులకు చెప్పాను. సిమెంటు తీసేసి చెట్లు నాటితే, ఇంకుడుగుంత తవ్విస్తే నీళ్లు నేలలోకి పోతాయన్నాను. "చేసుకోండి" అన్నారు. ఆ మాట తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

రోజూ పేపరు చదవడానికి వచ్చే ముసలి టైలరు భాయ్ ముందుగా గడ్డపార పట్టాడు. ఇంట్లో మరమగ్గాల చప్పుడుకు చదువు సాగక, ఉద్యోగ పరీక్షలకు మా దగ్గరే చదువుకునే ఒకమ్మాయి సిమెంటు పెళ్లలు మోసింది. గుంత తవ్వి, గోడ వెంబడి కానుగ, వేప, నేరేడు నాటాం. మొదటి వేసవికే సగం ఎండిపోయాయి. మిగిలినవాటిలో కొన్నిటిని మేకలు తిన్నాయి. స్కూటర్లు పెట్టుకునే జాగా పోయిందని ఎదురింటివాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. మళ్లీ నాటాం. బిందెలతో నీళ్లు పోసి పోసి నా నడుము పట్టేసింది.

కానుగలు మనిషెత్తు దాటాక, ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని, కార్లు నిలపడానికి ముంగిలంతా మళ్లీ సిమెంటు వేయాలని ఆదేశం వచ్చింది. పొద్దున్నే మేస్త్రీ కంకర లారీతో దిగాడు. నాకు కోపం కూడా రాలేదు, అంత అలసిపోయి ఉన్నాను. తలుపు దగ్గరే నిలబడిపోయాను.

భాయ్ పేపరు తీసుకెళ్లి కానుగ మొదట్లో కూర్చున్నాడు. ఆ అమ్మాయి పుస్తకాలతో పక్కనే చతికిలబడింది.

"లెయ్యి తాతా, ఈడ పని ఉండాది" అన్నాడు మేస్త్రీ.

"నాకూ పని ఉండాదప్పా. పేపరు సదవాల."

"లోపల సదువుకోరాదా?"

"లోపలికి నీళ్లొచ్చినప్పుడు నువ్వొచ్చి ఎత్తిపోసినావా అన్నా?" అంది ఆ అమ్మాయి, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

మేస్త్రీ నావైపు తిరిగాడు. "మేడం, మీరన్నా సెప్పండి."

"నేను చెబితే లేచేవాళ్లా వాళ్లు?" అన్నాను.

అతను ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం దాకా వాళ్లిద్దరూ కదల్లేదు. చివరికి గేటు నుంచి మెట్ల దాకా సన్నగా ఒక బాట మాత్రం వేసి, లారీ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ పెద్దమనిషి వచ్చి, కారు రోడ్డు మీదే ఆపుకుని, నీడ బాగుందన్నాడు.

ఆ ఏడు వానలకు నీళ్లు మెట్ల దాకా వచ్చి, ఆగి, నెమ్మదిగా ఇంకిపోయాయి. పేపర్ల గది తడవలేదు. సంతోషపడాల్సింది. ఆ రోజు ఇంటికి వెళ్లి, అలసటకు అన్నం కూడా తినకుండా పడుకున్నాను.

ఇప్పుడు భాయ్ మోకాళ్ల నొప్పులతో రావడం తగ్గించాడు. ఆ అమ్మాయి ఇంకా పరీక్షలు రాస్తూనే ఉంది. వచ్చిన రోజు చెట్లకు నీళ్లు పోస్తుంది, రాని రోజు నేను పోస్తాను. నేరేడు ఒకటి మళ్లీ ఎండింది. వానలు పడేలోగా ఇంకొకటి తెచ్చి నాటాలి.