దీపం పెట్టే చేయి

2023 వానాకాలంలో సిద్దిపేట పాత బజారులోని ఒక మేడ ఇంట్లో చేసిన పని ఇది. ఇన్నేళ్లలో చాలా ఇళ్లకు పరికరాలు బిగించాను. నేను బిగించినదాన్ని విప్పించి, అందుకు నా మెప్పు పొందిన మనిషి మాత్రం ఆ ఇంటి కోడలు సరిత ఒక్కతే.

నా వృత్తి స్మార్ట్ హోమ్ పని. లైట్లు, తలుపులు, గ్యాస్ వంటివి సమయానికి వాటంతట అవి పనిచేసేలా, ఏదైనా తేడా వస్తే ఇంటివాళ్ల ఫోన్‌కు కబురు పంపేలా అమర్చడం. మాది దౌల్తాబాద్ పక్క ఊళ్లో ఒక గడి, అంటే కోట లాంటి దొరల ఇల్లు. ఆ ఊళ్లో మొదట కరెంటు వచ్చిన ఇల్లు అదే. ఇప్పుడు దానికి పైకప్పు లేదు. ఒకరి కింద పనిచేయడం నాకు చేతకాదు కనుక ఈ విద్య నేర్చుకుని సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు గుమ్మం నుంచే వెళతాను. చెప్పిన రోజుకు పని ముగిస్తాను. పని చేస్తున్న ఇంట్లో చాయ్ తాగను. ఊళ్లో కొందరు దీన్ని పొగరంటారు. అననీ.

సరితకు ఇంటి కింద కంగన్ హాల్ ఉంది. గాజులు, పూసలు, రిబ్బన్లు అమ్మే దుకాణం. పైన ఇల్లు. భర్త ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసి పొద్దుపోయాక గాని రాడు. అత్తగారు అనసూయమ్మకు డిమెన్షియా, అంటే జ్ఞాపకం, తెలివిడి మెల్లగా తరిగిపోయే జబ్బు. పగలంతా బాగానే ఉండేది. చీకటి పడే వేళకు మాత్రం మనిషి కలవరపడేది. సరిత దుకాణంలో బేరాలు ముమ్మరంగా ఉండే సమయం కూడా అదే. ఒక సాయంత్రం అనసూయమ్మ మెట్లు దిగి, బస్టాండుకు నడిచి, హుస్నాబాద్ బస్సులో కూర్చుంది. పుట్టిల్లు అక్కన్నపేట పోవాలన్నదట. కండక్టర్ మాటల్లో పెట్టి కబురు పంపాడు కాబట్టి సరిపోయింది.

ఆ కబురు విని అనసూయమ్మ పెద్ద కొడుకు రవీందర్ కరీంనగర్ నుంచి వచ్చాడు. నేను కొలతలు తీసుకుంటున్నప్పుడు అక్కడే ఉన్నాడు.

"గీ మిషన్లన్నీ ఎందుకు దొరా? బయట నుంచి ఒక గొళ్లెం పెడితే అయిపాయె," అన్నాడు నాతో. ఆ 'దొరా'లో ఎకసెక్కం ఉంది. నేను టేపు చుట్టుకున్నాను.

సరిత ఊరుకోలేదు. "బయట నుంచి గొళ్లెం పెడితే అది ఇల్లెట్లయితది బావా? గొడ్ల కొట్టం అయితది. అత్తమ్మ నా చేతులల్ల తాళాలు పెట్టి ఇంట్లకు తోలుకున్నది. ఆమెను లోపటేసి నేను తాళం వెయ్యాల్నా?"

"వెయ్యకపోతే మళ్ల బస్సెక్కుతది. ఇంకొక్కసారి గట్లయితే నేను హైదరాబాద్ల ఆశ్రమంల చేరుస్త. మళ్ల నన్ను అనొద్దు."

"ఇంకొక్కసారి కానియ్య," అంది సరిత. అంతే అంది. ఆమె గొంతు పెంచకుండా అన్న తీరు నాకు నచ్చింది.

తలుపుకు కాంటాక్ట్ సెన్సర్ పెట్టాను. రెండు చిన్న ముక్కలు, ఒకటి రెక్కకు, ఒకటి ద్వారబంధానికి. తలుపు తెరిస్తే అవి విడిపోతాయి, కింద దుకాణంలో గంట మోగుతుంది. గ్యాస్‌కు దానంతటది మూసుకునే వాల్వ్ పెట్టాను. అన్నిటికంటే మురిపెంగా చేసింది లైట్ల పని. చీకటి నీడలు ఈ జబ్బున్న వాళ్లను భయపెడతాయి కనుక వెలుతురు తగ్గకముందే లైట్లు వెలగాలని మా వృత్తిలో చెబుతారు. గోడ మీది పాత నల్ల స్విచ్ తీసేసి నున్నటి గాజు పలక బిగించాను. పొద్దు వాలుతుండగానే ఇల్లంతా మెల్లగా, పాలు పొంగినట్టు వెలుగుతో నిండేది. నేను నిలబడి చూసుకున్నాను. లోపం కనబడలేదు.

వారం తిరగకముందే సరిత ఫోన్ చేసింది.

"సార్, ఆ లైట్లు తీసెయ్యాలె."

"పనిచేయడం లేదా?"

"మంచిగ పనిచేస్తున్నయి. అదే తిప్పలు."

నా పనికి వంక పెట్టించుకునే అలవాటు నాకు లేదు. వెళ్లి, నిటారుగా నిలబడి, ఏమిటో చెప్పమన్నాను.

"ఇంతకు ముందు ఎప్పుడన్న ఒకనాడు పోతననేది. ఇప్పుడు రోజూ పోతనంటది. గంట మోగుడు, నేను ఉరుకుడు. ఇగ నిన్న బేరం ఇడిసిపెట్టి పైనే కూసున్న, ఏమైతుందో చూద్దామని. పొద్దుగూకంగనే అత్తమ్మ మొకం కడుక్కున్నది. కొంగు సదురుకున్నది. ఆ గోడ కాడికి వచ్చి చెయ్యి లేపింది. అప్పటికే లైట్లు వెలిగినయి. లేపిన చెయ్యి గట్లనే ఉన్నది సార్. అటు చూసింది, ఇటు చూసింది. 'దీపం ఎవరు పెట్టిన్రు?' అన్నది. నేను పలుకలే. 'అయ్యో, ఎవరింట్లనో కూసున్న. మా ఇంట్ల దీపం పెట్టాలె, నేను పోత' అని చెప్పులు ఏసుకున్నది."

నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది.

మా గడిలో పని చేయడానికి ఎంతమంది ఉన్నా, సాయంత్రం మొదటి దీపం నాయనమ్మే పెట్టేది. ఆ దీపం ముట్టుకునే ధైర్యం ఇంకెవరికీ ఉండేది కాదు. కరెంటు వచ్చాక కూడా ఆ స్విచ్ ఆమే వేసి, బల్బుకు దండం పెట్టేది. ఇంటికి ఇల్లాలెవరో చెప్పే పని అది. అనసూయమ్మకు పేర్లు పోయాయి, ముఖాలు పోయాయి, ఆ పని మిగిలింది. నా లైట్లు ఆ చేయి కంటే ముందే వెలిగాయి. ఇంకొకరు దీపం పెట్టిన ఇల్లు తన ఇల్లు ఎలా అవుతుంది? ఆమె లెక్క తప్పు కాదు.

ఇదంతా సరిత ఏ పుస్తకమూ చదవకుండా, ఒక సాయంత్రం బేరం వదులుకుని, పలకకుండా కూర్చుని కనిపెట్టింది. పలకకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

"ఏం చేద్దామంటారు?" అని అడిగాను. కస్టమర్‌ను నేను ఆ మాట అడగడం అరుదు.

"ఆ స్విచ్ అత్తమ్మకు ఇచ్చెయ్యుండ్రి. మిగతాది మీరు చూసుకోండ్రి."

మా పనిలో 'సీన్' అని ఒకటుంది. ఒక్క మీట నొక్కితే అనేక పనులు వరుసగా జరిగేలా రాసి పెట్టడం. ఆ ఇంటి సీన్ మొత్తం అనసూయమ్మ వేలి కింద పెట్టాను. ఆమె స్విచ్ వేస్తే ఇల్లంతా వెలుగుతుంది, గ్యాస్ వాల్వ్ మూసుకుంటుంది, కింద దుకాణంలో గల్లా పైన ఒక చిన్న పసుపు బల్బు వెలుగుతుంది. అది వెలిగితే అత్తమ్మ దీపం పెట్టిందని సరితకు తెలుస్తుంది. పొద్దుగూకినా వెలగకపోతే పైకి వెళ్లి, "అత్తమ్మా, దీపం యాళ్లయింది," అని గుర్తు చేస్తుంది. అప్పటిదాకా కాళ్లకు ఏదీ తగలకుండా నేల దగ్గర ఒక సన్న లైటు మాత్రం ఉంటుంది.

గాజు పలక విప్పేశాను. ఆమె చేతికి అలవాటైనది గుండ్రటి నల్ల స్విచ్, టక్కుమనేది. పాతది తీసేటప్పుడే పగిలిపోయింది. అటువంటిది బజారులో దొరకలేదు. గడి కూలినప్పుడు నేను తెచ్చుకున్న వస్తువుల్లో ఒకటి ఉంది, నాయనమ్మ వేసిన స్విచ్. దాన్ని శుభ్రం చేసి తెచ్చాను. వెనకాల కొత్త మాడ్యూల్, అంటే లైట్లను నడిపే చిన్న పెట్టె, పెట్టాను కాబట్టి ఆ పాత స్విచ్‌లో లైట్ల కరెంటు పారదు, సంకేతం మాత్రమే పోతుంది. మా ఇంటి వస్తువు ఇంకొక ఇంటి గోడకు ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కదగిన గోడే.

తరువాతి ఆదివారం రవీందర్ వచ్చాడు. సంచిలో కొత్త గొళ్లెం, మేకులు కూడా తెచ్చాడు. సాయంత్రం పని ఎలా సాగుతుందో చూడమని సరిత నన్నూ పిలిచి, తాను దుకాణంలోనే ఉండిపోయింది. ముందు గదిలో రవీందర్, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. వెలుతురు తగ్గింది.

"లైట్లు వెలుగవాయె," అన్నాడు రవీందర్. "ఏం దొరా, ఇదేనా మీ పనితనం?"

"ఆగండి," అన్నాను.

అనసూయమ్మ లోపలి గదిలో నుంచి వచ్చింది. ముఖం కడుక్కుని ఉంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. మా వైపు చూడకుండా గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ వేసింది. టక్. ఇల్లంతా ఒక్కసారిగా వెలిగింది. చేతులు జోడించి కళ్లు మూసుకుంది. వంటింట్లో వాల్వ్ మూసుకున్న చప్పుడు నాకు వినిపించింది. తరువాత ఆమె మమ్మల్ని చూసింది.

"సీకట్ల కూసున్నరేంది బిడ్డా?" అంది కొడుకుతో. "ఎవరి పిలగానివి? ఎవరి కోసం వచ్చినవ్?"

రవీందర్ కుర్చీలో నుంచి సగం లేచాడు.

"మంచిగ కూసో. మా కోడలు ఇప్పుడే వస్తది. మా ఇంటికి వచ్చి చాయ్ తాగక పోతరా ఎవరన్న?"

మా ఇల్లు, అంది. ఆయన తల వంచుకుని సంచిని కాలితో కుర్చీ కిందికి నెట్టాడు.

సరిత పైకి వచ్చి, వాల్వ్ తెరిచి చాయ్ పెట్టింది. గ్లాసు నా ముందుకు వచ్చినప్పుడు అనసూయమ్మ నన్నే చూస్తోంది. ఇల్లాలు పెట్టమన్న చాయ్ కాదనడం మా ఇంట్లోనూ మర్యాద కాదు. తాగాను.

ఇప్పుడు ఆమె జబ్బు ఇంకా ముదిరింది. కొన్ని సాయంత్రాలు సరిత చేయి పట్టుకుని గోడ దాకా నడిపించాలి. స్విచ్ మాత్రం ఆమే వేస్తుంది. ఆ తలుపుకు ఇప్పటికీ బయట గొళ్లెం లేదు.

ఆ తరువాత ఇటువంటి ఇళ్లకు పిలిచినప్పుడు నేను సంచి విప్పకముందే ఒక మాట అడుగుతున్నాను: ఈ ఇంట్లో దీపం ఎవరు పెడతారు? జవాబు వచ్చాక ఆ మనిషి చేయి ఎంత ఎత్తుకు అందుతుందో చూసి, అక్కడ స్విచ్‌కు మొదటి గుర్తు పెడతాను.